తడి రోడ్డుమీద వెనుక చక్రాలు

1936 ఏప్రిల్ 13వ తేదీన మధ్యధరా సముద్రతీరంలోని మొనాకోలో వాన కురుస్తున్నది. ఆ చిన్న రాజ్యంలో ఊరి వీధులనే బాటగా చేసి కార్ల పందెం జరుపుతారు. ఆనాడు పందెం మొదలైన కొద్దిసేపటికే ఒక ఆల్ఫా రోమియో కారునుంచి నూనె కారి, సొరంగం దాటిన తరువాత వచ్చే ఇరుకు మలుపువద్ద రోడ్డంతా పరచుకొన్నది. అసలే వాననీరు, ఆపైన నూనె. వెనుక వచ్చిన కార్లు ఒకదాని వెంట ఒకటి జారి గుద్దుకొన్నవి. షిరాన్, ఫరీనా వంటి పేరుమోసిన చోదకులు ఆరంభంలోనే పందెం విడవవలసి వచ్చినది. చివరకు గెలిచినవాడు రుడాల్ఫ్ కరాచియోలా అనే జర్మనీ దేశస్థుడు.

ఆయన వానలో గెలవటం అది మొదటిసారి కాదు. 1926లో బెర్లిన్ నగరం దగ్గర ఆవుస్ బాటమీద జరిగిన మొదటి జర్మన్ గ్రాండ్ ప్రీ పందెంలోనూ వాన కురిసినది. అప్పుడూ ఆయనే గెలిచినాడు. అదే పందెంలో మరొక మెర్సిడిస్ కారు అదుపు తప్పి, కాలం నమోదుచేసేవారి గుడిసెను గుద్దగా ముగ్గురు మరణించినారు. కరాచియోలాను జర్మనులు వానల మేస్త్రి అని పిలుచుకొన్నారు. ఈ మేస్త్రికి తెలిసిన రహస్యమేమిటి? ఆయన భౌతికశాస్త్రం చదివి నేర్చినది కాదు గాని, మన ఉన్నత పాఠశాలల పుస్తకాలలో ఘర్షణను గురించి ఉన్న రెండు మూడు పుటలలోనే అది దాదాపు అంతా ఉన్నది.

ముందుగా ఆనాటి కార్లు ఎట్టివో చూతము. 1934 నుంచి 1937 వరకు అమలులో ఉన్న నిబంధన ప్రకారం చోదకుడు, ఇంధనం, నూనె, టైర్లు కాక కారు బరువు 750 కిలోగ్రాములకు మించరాదు. బరువుకు హద్దు పెడితే ఇంజను బలానికీ హద్దు ఏర్పడుతుందని నియమం చేసిన పెద్దలు తలచినారు. జరిగినది వేరు. ఫెర్డినాండ్ పోర్షే రూపొందించిన ఆటో యూనియన్ కారులో 1936 నాటికి 16 సిలిండర్ల, 6 లీటర్ల ఇంజను ఉన్నది. దాని బలం సుమారు 520 అశ్వశక్తి. ఆ బలమంతా వెనుకనున్న రెండు చక్రాలకే అందుతుంది.

ఇక ఘర్షణ సంగతి. 1699లో ఫ్రాన్సు దేశంలో అమాంటన్ అనే శాస్త్రజ్ఞుడు ఘర్షణ బలం వస్తువును నేలకు అదిమే బలానికి అనుపాతంలో ఉంటుందని చెప్పినాడు. కదలని వస్తువును కదిలించటానికి ఎక్కువ బలం, కదిలిన దానిని జరుపుతూ ఉండటానికి తక్కువ బలం కావలెనన్న భేదాన్ని ఆయిలర్ గుర్తించినాడు. 1785లో ప్రచురించిన వ్యాసంలో కూలుంబు వీటిని పెక్కు ప్రయోగాలతో స్థిరపరచినాడు. బల్లమీద కొయ్యదిమ్మను స్ప్రింగు త్రాసుతో లాగి చూచిన విద్యార్థికి ఇది అనుభవమే: దిమ్మ కదిలే క్షణంలో త్రాసు ముల్లు కొంచెం వెనక్కు తగ్గుతుంది. టైరు రబ్బరుకు ఈ సూత్రాలు అక్షరాలా వర్తించవు. టైరు ఏ కొంచెమో జారుతున్నప్పుడే దాని పట్టు ఎక్కువ. కాని ఆ హద్దు దాటి జారితే పట్టు తగ్గుతుందన్నమాట నిజం.

దొర్లే చక్రంలో నేలను తాకే భాగం ఆ క్షణానికి నేలపై నిశ్చలంగా ఉన్నట్టే. చక్రం ఉన్నచోటనే గిర్రున తిరిగినా, బ్రేకు పడి బిగిసిపోయినా దొర్లటం పోయి జారటం వస్తుంది. అప్పుడు పట్టు తగ్గటమే కాదు, దిక్కు కూడా పోతుంది. దొర్లే చక్రం పక్కకు నెట్టితే ఎదిరిస్తుంది. జారే చక్రానికి ముందు, పక్క అనే భేదం లేదు. సబ్బుబిళ్ళ వలె ఎటు నెట్టితే అటు పోతుంది.

ఆటో యూనియన్ కారును ఒక స్థూలమైన లెక్కలో పెట్టి చూడవచ్చును. చోదకుడితో, ఇంధనంతో కలిపి కారు 1,000 కిలోగ్రాములనుకొందము. అందులో 600 వెనుక చక్రాలపై పడినదనుకొందము. అనగా అదిమే బలం దాదాపు 6,000 న్యూటన్లు. తడి రోడ్డుకు ఘర్షణ గుణకం 0.5 అయితే వెనుక చక్రాలు నేలను పట్టి నెట్టగలిగే బలం 3,000 న్యూటన్లు మాత్రమే. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో, అంటే సెకనుకు సుమారు 28 మీటర్లలో, అంత బలం ప్రయోగించటానికి 84 కిలోవాట్లు, అనగా 114 అశ్వశక్తి చాలు. ఇంజనులో ఉన్నవి 520. చోదకుడి పాదం కింద మిగిలిన 406 అశ్వశక్తి చక్రాలను జార్చటానికి తప్ప మరి దేనికీ పనికిరాదు!

ఇది తిన్నని దారిలో మాట. మలుపులో సంగతి ఇంకా గడ్డు. మలుపు తిరగటానికి కావలసిన అభికేంద్ర బలం కూడా ఆ టైరు పట్టులోనుంచే రావలెను. పక్కకు లాగే బలం, ముందుకు నెట్టే బలం లంబకోణంలో ఉంటవి కనుక, వాటి ఫలితబలం 3,000 న్యూటన్లు మించరాదు. పట్టులో పదింట ఎనిమిది వంతులు మలుపుకే ఖర్చయితే ముందుకు నెట్టటానికి ఎంత మిగులుతుంది? రెండు వంతులు కాదు, ఆరు వంతులు. 6, 8, 10 భుజాలుగా గల లంబకోణ త్రిభుజం విద్యార్థులకు తెలిసినదే. మలుపుకే పది వంతులూ ఖర్చయితే మిగిలేది సున్న. అప్పుడు ఆక్సిలరేటరు కొంచెం నొక్కినా వెనుక చక్రాలు పక్కకు జారి కారు గిరగిర తిరుగుతుంది.

1939 జూన్ 25న బెల్జియంలోని స్పా బాటమీద ఇదే జరిగినది. ఆనాడూ వాన. వానల మేస్త్రి కరాచియోలాయే లా సోర్స్ మలుపులో గిర్రున తిరిగి పందెంనుంచి తప్పుకొన్నాడు. ముందు నడుస్తున్న మెర్సిడిస్ చోదకుడు రిచర్డ్ సీమన్ 26 ఏండ్ల ఆంగ్ల యువకుడు. ఆ మలుపుకు చేరువలో అతని కారు జారి చెట్టును గుద్దుకొని అంటుకొన్నది. ఆ రాత్రి ఆసుపత్రిలో అతడు మరణించినాడు. ఆ రోడ్డుకు తగిన వేగం కాదు, తప్పు తనదేనని చెప్పినాడట. తప్పు అనవచ్చునో లేదో గాని, పట్టుకు హద్దు ఎక్కడ ఉన్నదో దాటేవరకూ తెలియకపోవటమే ఇక్కడి చిక్కు.

మరి వెనుక చక్రాలు జారినప్పుడు ఏమి చేయవలెను? భయపడినవాడు చేసే మొదటి పని బ్రేకు తొక్కటం, లేదా ఆక్సిలరేటరు మీదనుంచి కాలు ఒక్కసారిగా తీయటం. రెండూ చెరుపే. కాలు తటాలున తీస్తే ఇంజను వెనుక చక్రాలకు బ్రేకు వలె పనిచేస్తుంది; జడత్వంవల్ల బరువు ముందు చక్రాలమీదికి ఒరిగి వెనుక చక్రాలు తేలికవుతవి. 1975లో వచ్చిన 260 అశ్వశక్తి పోర్షే 911 టర్బో కారు ఈ గుణంవల్లనే అపకీర్తి పొందినది. దాని ఇంజను వెనుక ఇరుసుకూ వెనుకగా ఉన్నది. టర్బో బలం కొంత ఆలస్యంగా, మలుపు నడుమ ఒక్కుమ్మడిగా వచ్చిపడేది. సరైన పని ఇది: ఆక్సిలరేటరును మెల్లగా సడలించి, కారు తోక ఎటు జారుతున్నదో అటువైపే స్టీరింగు తిప్పటం, పట్టు చిక్కగానే చక్రాన్ని తిన్నగా చేయటం. ఆలస్యం చేస్తే కారు రెండవవైపుకు విసరుతుంది. ఇంతకన్న మేలు, మలుపుకు ముందే, దారి తిన్నగా ఉన్నప్పుడే వేగం తగ్గించుకొనటం.

చోదకుడి పాదానికి తోడుగా యంత్రాలు ఆలస్యంగా వచ్చినవి. చక్రాలు బిగిసిపోకుండా చూచే బాష్ కంపెనీ ఎలక్ట్రానిక్ బ్రేకు పద్ధతి 1978లో మెర్సిడిస్ కార్లలో వచ్చినది. కారు తాను పోవలసిన దిక్కునుంచి తిరుగుతున్నదని కనిపెట్టి, ఒక్కొక్క చక్రానికి విడిగా బ్రేకు వేసే పద్ధతి 1995లో వచ్చినది. ఇవి ఎంతో మందిని కాపాడినవి. అయినా ఇవి ఉన్న ఘర్షణను పొదుపుగా వాడగలవే గాని, లేని ఘర్షణను పుట్టించలేవు.

మన లారీలు, బస్సులు నేటికీ వెనుక చక్రాల బలంతోనే నడుస్తున్నవి. ఎండాకాలమంతా రోడ్డుమీద పేరుకొన్న దుమ్ము, నూనె తొలకరి చినుకుతో కలిసి జిడ్డుపూత అవుతుంది. గట్టివాన కంటె తొలివాన మోసకారి అని ఘాటుదారి డ్రైవర్లు చెప్పేది ఇందుకే. ఒకసారి మా విద్యార్థులతో శ్రీశైలం వెళ్ళుచుండగా అట్టి చినుకులు పడినవి. డ్రైవరు మాట్లాడకుండా గేరు తగ్గించి మెల్లగా నడిపినాడు. వెనుక సీట్ల పిల్లలు బండి నత్త అని నవ్వినారు. మరునాడు తరగతిలో పై లెక్క వేయించినాను.

తరగతిలో చేయదగిన ప్రయోగం ఒకటి. నున్నని పలకను ఏటవాలుగా నిలిపి, తేలికగా దొర్లే బొమ్మకారు ఒకటి తీసుకొని దాని ముందు చక్రాలు తిరగకుండా కాగితం దోపి జారవిడవండి. కారు తిన్నగా కిందికి జారుతుంది. తరువాత ముందువి వదిలి వెనుక చక్రాలు బిగించి విడవండి. పలక తగినంత పొడవుగా ఉంటే, కారు సగం దారిలోనే గిర్రున తిరిగి, తోక ముందుగా దిగుతుంది.