పోలీసు గస్తీ బండికి కాలం తీరేదెప్పుడు?

నల్లగొండ/మహబూబ్‌నగర్: అర్ధరాత్రి జాతీయ రహదారిపై ప్రమాదం జరిగినా, మారుమూల తండాలో ఘర్షణ తలెత్తినా బాధితులు మొదట ఎదురుచూసేది పోలీసు బండి కోసమే. అది ఎన్ని నిమిషాల్లో వస్తుందన్నది సిబ్బంది సంఖ్యపైనే ఆధారపడదు. స్టేషన్ ముందు నిలిపిన వాహనం తాళం తిప్పగానే కదులుతుందా, నలుగురు తోస్తే గాని కదలదా అన్నది కూడా అంతే ముఖ్యం. పోలీసు వాహనాలు ఎంతకాలం పనిచేస్తాయి, పాతబడినవాటిని ఎలా తొలగిస్తారు, కొత్తవి ఎలా వస్తాయి అనే విషయాలు సాధారణ పాఠకులకు పెద్దగా తెలియవు.

ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా 18,432 చదరపు కిలోమీటర్లు, ఉమ్మడి నల్లగొండ జిల్లా 14,240 చదరపు కిలోమీటర్లు విస్తరించి ఉండేవి. మొదటి దానిలో 64, రెండవ దానిలో 59 మండలాలు ఉండేవి. హైదరాబాద్–విజయవాడ రహదారి చౌటుప్పల్ నుంచి కోదాడ వరకు నల్లగొండ ప్రాంతాన్ని చీల్చుకుంటూ పోతుంది. హైదరాబాద్–బెంగళూరు రహదారి జడ్చర్ల, కొత్తకోట, పెబ్బేరు మీదుగా కృష్ణా నదిని దాటి అలంపూర్ వైపు సాగుతుంది. అటు అచ్చంపేట దాటితే నల్లమల. మన్ననూరు చెక్‌పోస్టు వద్ద రాత్రి 9 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు సాధారణ వాహనాలను అడవిలోకి అనుమతించరు. ఆ వేళల్లో దోమలపెంట వైపు ఆపద వస్తే దారిలో ఆదుకునే మరో వాహనం కూడా ఉండదు. నగరంలో గస్తీ కారు చెడిపోతే పక్క స్టేషన్ కారు పది నిమిషాల్లో వస్తుంది. ఇక్కడ పక్క స్టేషన్ అంటే ఇరవై, ముప్పై కిలోమీటర్ల దూరం.

2013 అక్టోబరు 30 తెల్లవారుజామున కొత్తకోట సమీపంలోని పాలెం వద్ద బెంగళూరు నుంచి హైదరాబాద్‌కు వస్తున్న ప్రైవేటు బస్సు దగ్ధమై 45 మంది సజీవ దహనమయ్యారు. 2015 ఏప్రిల్ మొదటి వారంలో సూర్యాపేట బస్టాండులో తనిఖీ చేస్తున్న పోలీసులపై దుండగులు కాల్పులు జరిపారు. వారి కోసం సాగిన గాలింపు మోత్కూరు మండలం జానకీపురం వద్ద ఎదురుకాల్పులతో ముగిసింది. ఒకటి ప్రమాదం, మరొకటి నేరం. రెండింటిలోనూ పోలీసులకు కావలసింది నమ్మదగిన బండి.

జీపు నుంచి ఇన్నోవా దాకా

పల్లెల్లో నేటికీ బొలెరో వచ్చినా, ఇన్నోవా వచ్చినా ‘పోలీసు జీపొచ్చింది’ అనే అంటారు. దశాబ్దాల పాటు మహీంద్రా జీపు తప్ప మరో వాహనం స్టేషన్లకు తెలియకపోవడమే ఇందుకు కారణం. గుడ్డ పైకప్పు, పక్కలు తెరచి ఉండే ఆ జీపు ఎండకు, దుమ్ముకు ఓర్చుకునేది. మరమ్మతు కూడా సులువు. మండల కేంద్రంలోని మెకానిక్ సైతం దాని ఇంజన్ విప్పి బిగించగలిగేవాడు. 1990లలో టాటా సుమో, 2000 తరువాత క్వాలిస్, బొలెరో వచ్చాయి. పట్టణాల్లో రక్షక్ వాహనాలు, మోటారు సైకిళ్లపై తిరిగే బ్లూ కోల్ట్స్ బృందాలు పరిచయమయ్యాయి.

పాలమూరు, నల్లగొండ జిల్లాల్లో పోలీసు వాహనం చరిత్ర నక్సల్ ఉద్యమంతోనూ ముడిపడి ఉంది. 1993 నవంబరులో కొల్లాపూర్ ప్రాంతంలోని సోమశిల వద్ద మందుపాతర పేలి నాటి మహబూబ్‌నగర్ ఎస్పీ పరదేశినాయుడు, ఆయన వెంట ఉన్న సిబ్బంది మరణించారు. అటువంటి ఘటనల తరువాత మట్టిరోడ్డుపై పోలీసు జీపులో వెళ్లడమే ప్రాణసంకటంగా మారింది. సిబ్బంది కాలినడకన, ద్విచక్ర వాహనాలపై, ఒక్కోసారి సాధారణ దుస్తుల్లో తిరిగేవారు. మందుపాతరలను తట్టుకునే బరువైన వాహనాలు తరువాత రంగంలోకి దిగాయి. వాటిని తయారు చేసిన సంస్థల్లో ఉమ్మడి మెదక్ జిల్లా యెద్దుమైలారంలోని ఆయుధ కర్మాగారం ఒకటి కావడం గమనార్హం. ఆ బండ్లు ప్రాణాలను కాపాడగలవే గాని, రోజువారీ గస్తీకి ఉపకరించేవి కావు.

తెలంగాణ రాష్ట్రం 2014 జూన్ 2న ఏర్పడిన తరువాత పోలీసు శాఖలో కంటికి కనిపించిన తొలి మార్పు వాహనాలదే. అదే ఏడాది ఆగస్టులో ముఖ్యమంత్రి కె.చంద్రశేఖర్‌రావు హైదరాబాద్‌లో కొత్త ఇన్నోవాలను, మోటారు సైకిళ్లను ప్రారంభించారు. తెల్లని బండి, కొత్త చిహ్నం, దారి చూపే పరికరాలు నగరవాసులను ఆకట్టుకున్నాయి. రాజధాని తరువాత జిల్లాలకూ కొత్త వాహనాలు చేరాయి. ఆ రోజుల్లోనే స్టేషన్ల నిర్వహణకు నెలవారీ మొత్తాన్ని ప్రకటించారు. హైదరాబాద్ నగరంలోని స్టేషన్‌కు 75 వేలు కాగా, గ్రామీణ స్టేషన్‌కు 25 వేల రూపాయలుగా నిర్ణయించారు. స్టేషన్‌లో కాగితం మొదలుకొని అన్నింటికీ అదే ఆధారం కనుక ఈ తేడా చిన్నదేమీ కాదు. గ్రామీణ స్టేషన్ పరిధి నగర స్టేషన్ కంటే ఎన్నో రెట్లు పెద్దదన్న సంగతి మరువరాదు.

2016 అక్టోబరు 11న జిల్లాల పునర్విభజన జరిగింది. నల్లగొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి విడిపోయాయి. మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల ఏర్పడ్డాయి. 2019 ఫిబ్రవరిలో నారాయణపేట కూడా జిల్లా అయింది. షాద్‌నగర్, ఆమనగల్లు ప్రాంతాలు రంగారెడ్డిలో కలిశాయి. కొత్త జిల్లా అనగానే కొత్త ఎస్పీ కార్యాలయం, సాయుధ దళ కేంద్రం, వాహనాలను చూసే ఎంటీ విభాగం అవసరమవుతాయి. అధికారుల సంఖ్య పెరిగితే వారికి కేటాయించే వాహనాల సంఖ్యా పెరుగుతుంది. గస్తీకి మిగిలేవి ఎన్ని అన్న ప్రశ్న అక్కడే పుడుతుంది.

మీటరు చెప్పని అరుగుదల

ఇంటి కారుకూ గస్తీ కారుకూ పోలిక లేదు. ఇంటి కారు రోజులో ఎక్కువ సేపు నీడన నిలిచి ఉంటుంది. గస్తీ బండి మూడు షిఫ్టుల్లో ముగ్గురు డ్రైవర్ల చేతుల్లో నడుస్తుంది. ఒకరికి తెలిసిన లోపం మరొకరికి తెలియదు. రోజుకు 120 కిలోమీటర్లు తిరుగుతుందనుకున్నా ఏడాదికి 43,800, ఐదేళ్లకు 2,19,000 కిలోమీటర్లు అవుతుంది.

అసలు అరుగుదల ఇందులోనూ కనిపించదు. కూడలిలో, ఊరేగింపు వెంట, ప్రమాద స్థలం వద్ద బండి కదలకుండా ఇంజన్ మాత్రం నడుస్తూనే ఉంటుంది. దీపాలు, వైర్‌లెస్ సెట్, సైరన్ బ్యాటరీని పీల్చేస్తాయి కనుక ఇంజన్ ఆపడానికి సిబ్బంది వెనుకాడతారు. అమెరికాకు చెందిన ఫోర్డ్ సంస్థ లెక్క ప్రకారం ఇంజన్ గంట సేపు ఖాళీగా నడిస్తే సుమారు 33 మైళ్లు, అంటే 53 కిలోమీటర్లు ప్రయాణించినంత అరుగుదల ఉంటుంది. వాహనాన్ని బట్టి, ఇంధనాన్ని బట్టి ఈ లెక్క కొంత మారవచ్చు. అయినా రోజుకు నాలుగు గంటలు అలా నడిచిన బండిపై మరో 212 కిలోమీటర్ల భారం పడినట్లే. మీటరు 120 చూపుతుంది, ఇంజన్ మాత్రం దాదాపు మూడింతలు మోస్తుంది. అందుకే అక్కడ కొన్ని పోలీసు వాహనాలకు ఇంజన్ నడిచిన గంటలను లెక్కించే మీటరు విడిగా ఉంటుంది. మన స్టేషన్లలో లాగ్‌బుక్కులో రాసేది కిలోమీటర్లు, ఇంధనం వివరాలే.

స్థానిక కారణాలూ లేకపోలేదు. మే నెల ఎండకు రేడియేటరు వేడెక్కితే చేతికందిన బోరు నీరు పోస్తారు. ఈ ప్రాంతంలో బోరు నీటిలో లవణాలు ఎక్కువ. కొన్నాళ్లకు లోపల సున్నపు పొర కట్టి గొట్టాలు పూడుకుపోతాయి. ఎర్రమట్టి దుమ్ము గాలి వడపోత పరికరాన్ని నెలల్లోనే మూసివేస్తుంది. చెరువు కట్టలపై, ఒండ్రు దారుల్లో నడిచి కమాన్‌పట్టీలు విరగడం పాత డ్రైవర్లకు అనుభవమే.

పదిహేనేళ్ల గడువు

కేంద్ర రోడ్డు రవాణా శాఖ 2023 జనవరి 16న కేంద్ర మోటారు వాహనాల నిబంధనలను సవరించింది. అదే ఏడాది ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన 52ఎ నిబంధన ప్రకారం కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు, స్థానిక సంస్థలు, ప్రభుత్వ రంగ సంస్థలు, రాష్ట్ర రవాణా సంస్థలకు చెందిన వాహనాల రిజిస్ట్రేషన్‌ను 15 ఏళ్ల తరువాత పునరుద్ధరించరు. అంతకు ముందే పునరుద్ధరించినా 15 ఏళ్లు నిండగానే అది రద్దవుతుంది. ఆ వాహనాన్ని గుర్తింపు పొందిన తుక్కు కేంద్రానికే పంపాలి. దేశంలో ఇటువంటి ప్రభుత్వ వాహనాలు తొమ్మిది లక్షలకు పైగా ఉన్నాయని నాటి కేంద్ర మంత్రి నితిన్ గడ్కరీ ఆ సమయంలో ప్రకటించారు.

ఇందులో ఒక మినహాయింపు ఉంది. దేశ రక్షణకు, శాంతిభద్రతల పరిరక్షణకు, అంతర్గత భద్రతకు వాడే కవచ వాహనాలు, ఇతర ప్రత్యేక వాహనాలకు ఈ నిబంధన వర్తించదు. మందుపాతరలను తట్టుకునే బండ్లు ఈ కోవలోకి వస్తాయి. ‘శాంతిభద్రతలు’ అన్న మాటను పట్టుకుని ప్రతి పాత జీపునూ మినహాయింపు కిందకు తోసివేయడం మాత్రం ఆ నిబంధన ఉద్దేశం కాదు.

పాత బండి పోతే కొత్తది రావాలి గదా అన్నది జిల్లా స్థాయి ప్రశ్న. ఇందుకు కేంద్రం మూలధన పెట్టుబడి సాయం పథకంలో భాగంగా పాత వాహనాలను తుక్కుకు పంపే రాష్ట్రాలకు ప్రోత్సాహకంగా 2022-23లో 2 వేల కోట్లు, 2023-24లో 3 వేల కోట్ల రూపాయలు కేటాయించింది. 50 ఏళ్ల పాటు వడ్డీ లేని రుణ రూపంలో ఈ సాయం అందుతుంది. పోలీసు బలగాల ఆధునికీకరణ పథకం 1969-70 నుంచే అమలులో ఉంది. అయితే కొనుగోలు నిర్ణయం రాజధానిలో జరుగుతుంది. ఏ వాహనం ఎక్కడ అవసరమో తెలిసినవారు మాత్రం జిల్లాలో ఉంటారు.

తొలగింపు తంతు

వాహనం పనికిరాదని స్టేషన్ అధికారి స్వయంగా నిర్ణయించలేరు. ఎంటీ విభాగం మీటరు రీడింగ్, మరమ్మతుల రిజిస్టరు, ఖర్చుల వివరాలతో నివేదిక పంపాలి. మరమ్మతు ఖర్చు వాహనం విలువను మించుతోందని తేలాలి. మోటారు వాహనాల తనిఖీ అధికారి పరిశీలించాలి. ఉత్తర్వులు వచ్చాక వైర్‌లెస్ సెట్, సైరన్, దీపాలను తీసివేసి, ‘పోలీసు’ అన్న అక్షరాలను చెరిపివేసిన తరువాతే బండి చేయి మారుతుంది. ఆ అక్షరాలతో బండి బయటకు పోతే దొంగ పోలీసుల చేతికి ఆయుధం ఇచ్చినట్లే అవుతుంది. పూర్వం జిల్లా కేంద్రంలోని కవాతు మైదానంలో బహిరంగ వేలం జరిగేది. పాత జీపు కొని రైతులు, వ్యాపారులు ఏళ్ల తరబడి నడిపిన సందర్భాలు ఉన్నాయి. 15 ఏళ్లు నిండిన బండికి ఇప్పుడు ఆ దారి మూసుకుపోయింది.

స్టేషన్ ఆవరణలో తుప్పు పడుతున్న వాహనాలన్నీ పోలీసుల పాత బండ్లే అనుకోవడం పొరపాటు. వాటిలో అధిక భాగం కేసుల్లో పట్టుబడినవి. ఇసుక ట్రాక్టర్లు, ప్రమాదాల్లో నుజ్జయిన కార్లు, దొంగిలించిన మోటారు సైకిళ్లు న్యాయస్థానం ఉత్తర్వుల కోసం ఎదురుచూస్తూ అక్కడే ఉంటాయి. ఇటువంటి వాహనాలను స్టేషన్లలో దీర్ఘకాలం ఉంచడం వల్ల ప్రయోజనం లేదని, తగిన పూచీకత్తుతో త్వరగా విడుదల చేయాలని సుప్రీంకోర్టు 2002లో సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో స్పష్టం చేసింది.

నంబరు పలకే జాతకం

పోలీసు బండి వయసును పాఠకులు సైతం సుమారుగా అంచనా వేయవచ్చు. ఉమ్మడి రాష్ట్రంలో పోలీసు వాహనాలకు ‘పీ’ అక్షరంతో నంబర్లు కేటాయించేవారు. నంబరు పలకపై ‘ఏపీ’ అని ఉంటే అది రాష్ట్ర విభజనకు ముందు రిజిస్టరైనది. ‘టీఎస్’ అని ఉంటే 2014 జూన్ తరువాతది. ‘టీజీ’ అని ఉంటే 2024 మార్చి తరువాత వచ్చినది.

ఈ లెక్కన 2014లో కొన్న తొలి విడత ఇన్నోవాలకు చట్టపరమైన గడువు 2029లో ముగుస్తుంది. రోజుకు 120 కిలోమీటర్ల చొప్పున తిరిగిన బండికి అప్పటికి మీటరుపై ఆరున్నర లక్షల కిలోమీటర్లు దాటి ఉంటాయి.