శంభల, ధాన్యకటకం

శంభల భాగవతంలో ఒక గ్రామం మాత్రమే. విష్ణుయశుడనే బ్రాహ్మణుడి ఇంట కల్కి పుట్టేది అక్కడే. తెలుగులో ఈ కథ ఉన్న ద్వాదశ స్కంధాన్ని రాసింది పోతన శిష్యుడు వెలిగందల నారయ. బౌద్ధుల కాలచక్ర తంత్రంలో అదే ఊరు హిమగిరుల నడుమ దాగిన మహారాజ్యమైంది.

ఆ రాజ్యానికి తెలుగు నేలతో బంధం ఉంది. బుద్ధుడు కాలచక్రాన్ని శంభల రాజు సుచంద్రుడికి ధాన్యకటక స్తూపం వద్ద బోధించాడని టిబెట్ సంప్రదాయం చెబుతుంది. ధాన్యకటకమంటే కృష్ణా నది ఒడ్డున అమరావతి పక్కనున్న నేటి ధరణికోట. బుద్ధుడు ఇంత దక్షిణానికి వచ్చాడనడానికి చారిత్రక ఆధారం లేదు. తంత్రం కూడా 11వ శతాబ్ది తొలినాళ్లలోనే వెలుగులోకి వచ్చింది. అయినా తమ మూలబోధకు చోటు వెతికినవారు ఈ మహాస్తూపాన్నే ఎంచుకున్నారంటే దాని ఖ్యాతి ఎంతదో ఊహించవచ్చు.

సుచంద్రుడి తర్వాతి రాజుల్లో మంజుశ్రీయశుడు తంత్రాన్ని సంక్షిప్తం చేసి, ప్రజలందరినీ ఒకే వజ్రకులంగా కలిపాడట. అతనితో మొదలై 25 మంది రాజులకు కల్కి బిరుదు. చివరివాడు రుద్రచక్రి అధర్మంపై యుద్ధం గెలుస్తాడు. పురాణ కల్కి ఛాయ ఇక్కడ స్పష్టమే.

1933లో వచ్చిన జేమ్స్ హిల్టన్ నవలలోని షాంగ్రిలాకు ఈ శంభల గాథే ప్రేరణ అంటారు. 2006 జనవరిలో దలైలామా అమరావతిలోనే కాలచక్ర దీక్ష ఇచ్చారు.