అనుమతి అడగని ఆకాశం

క్రొత్త యంత్రాన్ని కనిపెట్టినవారి పేర్లు పాఠ్యపుస్తకాలకు ఎక్కుతాయి. ఆ యంత్రం లోకంలోకి రావడానికి త్రోవ విడిచిన నియమాన్ని వ్రాసినవారి పేర్లు మాత్రం కార్యాలయాల దస్త్రాల అడుగున ఉండిపోతాయి. నేడు ఇంటింటా వాడుకలో ఉన్న వై-ఫై వెనుక అటువంటి ఉద్యోగి ఒకరున్నారు. ఆయన పేరు మైకేల్ మార్కస్; అమెరికా దేశపు రేడియో ఇంజనీరు. ఆయన ఉద్యోగ జీవితంలోని ఒక ఘట్టాన్ని గూర్చి ఈ నాలుగు మాటలు.

రేడియో తరంగాలకు అనుమతిపత్రం ఎందుకు అవసరమైందో ముందు చెప్పుకోవాలి. ఒకే పౌనఃపున్యం మీద ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఎవరి మాటా వినపడదు. 1912లో టైటానిక్ నౌక మునిగిన కొద్ది నెలలకే అమెరికా చట్టం చేసి ప్రసారకులకు లైసెన్సు తప్పనిసరి చేసింది. మన దేశంలో 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం ఇంకొక అడుగు ముందుకు వేసి, రేడియో పెట్టెను దగ్గర ఉంచుకోవడానికే లైసెన్సు కావాలన్నది. మా నాన్నగారు ఏటేటా పోస్టాఫీసుకు వెళ్ళి రేడియో లైసెన్సు రుసుము కట్టి వచ్చేవారు. వార్తలు వినడానికి కూడా సర్కారువారి అనుమతి కావలసిన కాలమది. మా తరంవారికి ఆ లైసెన్సు పుస్తకం గుర్తుండే ఉంటుంది.

ఒక ప్రసారకునికి ఒక పౌనఃపున్యం, దానికొక హక్కుదారు: దాదాపు డెబ్బది యేండ్లు ఈ పద్ధతే నడిచింది. దీనిని ప్రశ్నించే విద్య ఒకటి సైన్యాల దగ్గర రహస్యంగా పెరిగింది. సంకేతాన్ని ఒకే పౌనఃపున్యం మీద బిగ్గరగా పంపకుండా, విశాలమైన పట్టీ అంతటా పలుచగా పరచి పంపడం ఆ విద్య. దీని పేరు స్ప్రెడ్ స్పెక్ట్రం. ఇందులో ఒక రకాన్ని, అనగా పౌనఃపున్యాలను క్షణక్షణం మార్చుతూ పంపే పద్ధతిని, సినీనటి హెడీ లామార్, సంగీతకర్త జార్జ్ ఆంథైల్ కలిసి 1942లో పేటెంటు చేశారంటే ఆశ్చర్యం కలుగుతుంది. ఇలా పలుచగా పరచిన సంకేతాలు పలువురివి ఒకే పట్టీలో ఉన్నా, ఒకదాన్నొకటి పెద్దగా చెరుపుకోవు.

మార్కస్ మాసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో డాక్టరేటు పొందినవారు. సైనిక అవసరాల పరిశోధనలో ఈ విద్యతో పరిచయం కలిగినవారు. 1979లో ఆయన అమెరికా ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్‌లో చేరారు. దీనిని సామాన్యులకు ఎందుకు ఇవ్వరాదన్న ప్రశ్న అక్కడ మొదలైంది. 1980లో మైటర్ అనే సంస్థ కమిషన్ కోసం ఒక అధ్యయనం చేసింది. 1981లో కమిషన్ బహిరంగ విచారణ ప్రారంభించింది. అప్పటికే పౌనఃపున్యాలను వాడుకుంటున్నవారు తమ ప్రసారాలకు అంతరాయం కలుగుతుందని అభ్యంతరాలు చెప్పారు. ఆ వాదోపవాదాలు నాలుగేళ్ళు సాగాయి. చివరకు 1985 మే 9న నియమం వెలువడింది.

ఆ నియమం ఎంచుకున్న చోటు చూడండి. 902-928, 2400-2483.5, 5725-5850 మెగాహెర్ట్జ్ పట్టీలవి. పరిశ్రమలలోను, వైద్యంలోను వాడే యంత్రాల కోసం కేటాయించిన చోట్లు. మైక్రోవేవ్ పొయ్యి పనిచేసేది కూడా 2450 దగ్గరే. ఆ రొద వల్ల ఎవరికీ పెద్దగా అక్కరలేని బంజరు అది. అంతకుముందు లైసెన్సు అక్కరలేనివి అతి స్వల్పశక్తి ఉపకరణాలు మాత్రమే. ఇప్పుడు స్ప్రెడ్ స్పెక్ట్రం ఉపకరణానికి 1 వాట్ వరకు లైసెన్సు అక్కరలేదన్నారు. కాని ఎవరికీ హానికరమైన అంతరాయం కలిగించరాదు; తనకు అంతరాయం కలిగితే సహించాలి.

పిల్లలకు సంధిసూత్రాలు చెప్పి బ్రదికినవాణ్ణి గనుక ఈ నియమం తెలిసినప్పుడు నాకు ఇకారసంధి తలపుకు వచ్చింది. ఉకారసంధి నిత్యం. 'ఏమి' మొదలైన పదాలలో ఇకారసంధి వైకల్పికం; ఏమంటివి, ఏమియంటివి, రెండూ సాధువులే. అయితే వైకల్పికమని చెప్పడానికి కూడా సూత్రం కావాలి. సూత్రమే లేనిచోట ఉండేది స్వేచ్ఛ కాదు, గందరగోళం. మార్కస్ ప్రభృతులు చేసినది నియమాన్ని ఎత్తివేయడం కాదు, స్వేచ్ఛకు నియమం వ్రాయడం.

ఆ నియమం వెలువడిన నాటికి వై-ఫై అన్న మాటే లేదు. 1990లో ఐ.ఇ.ఇ.ఇ. సంస్థలో 802.11 కార్యవర్గం ఏర్పడింది; 1997లో ప్రమాణం వచ్చింది; 1999లో వై-ఫై అన్న పేరు పుట్టింది. బ్లూటూత్ కూడా ఈ బంజరులో మొలిచిన మొక్కే. మార్కస్ 2004లో పదవీవిరమణ చేశారు.

ఇక మన సంగతి. 1995 ఫిబ్రవరి 9న మన సుప్రీంకోర్టు, బెంగాల్ క్రికెట్ సంఘం వ్యాజ్యంలో, వాయుతరంగాలు ప్రజల ఆస్తి అని తీర్పు చెప్పింది. ఆ ధర్మాసనంలో తెలుగువారైన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డిగారు ఉండటం మనకు గర్వకారణం. ప్రజల ఆస్తిని ప్రజలకు ఎలా ఉపయోగపెట్టాలి? ఒక మార్గం వేలం: 2010లో 3జీ తరంగాల వేలంలోనే ప్రభుత్వానికి 67 వేల కోట్ల రూపాయలకు పైగా వచ్చాయి. రెండవ మార్గం, 2005 జనవరిలో 2.4 గిగాహెర్ట్జ్ పట్టీని లైసెన్సు నుండి మినహాయించినట్లు, ఊరుమ్మడిగా విడిచిపెట్టడం. 2018లో 5 గిగాహెర్ట్జ్ ప్రాంతంలోను ఇటువంటి సడలింపు విస్తరించింది.

నేను వేలానికి విరోధిని కాను. ఊరికి పట్టాభూములూ కావాలి, పశువులు మేసే ఉమ్మడి బీడూ కావాలి. అయితే వేలం సొమ్ము బడ్జెట్ లెక్కలో కనబడుతుంది. ఉమ్మడి బీడులో పెరిగినదానికి అటువంటి పద్దు ఉండదు. కనుక దానిని ఖాళీ జాగా అనుకొని అమ్మివేయాలన్న ఆశ ఏ ప్రభుత్వానికైనా సహజం. కోట్లు పెట్టి తరంగాలను కొనలేని చిన్న సంస్థలకు, విద్యార్థులకు, గ్రామాల గ్రంథాలయాలకు నిలువ నీడ ఆ బీడే. 1985లో ఎవరికీ అక్కరలేదని విడిచిపెట్టిన చోటే పంట పండిందని పాలకులు జ్ఞాపకముంచుకోవాలి. ఇకముందు ఖాళీ అయ్యే తరంగాలలోను కొంత భాగం ఉమ్మడిగా మిగలాలని నా మనవి.

స్వస్తి.