మబ్బు కింద నేలను చదివే పని: రాడార్ రిమోట్ సెన్సింగ్ పరిశోధనలో ఏముంది?

2023 అక్టోబరు 3 రాత్రి ఉత్తర సిక్కింలో సౌత్ లోనాక్ సరస్సు గట్టు తెగింది. ఆ నీటి ఉరవడికి చుంగ్‌తాంగ్ దగ్గర తీస్తా-3 ఆనకట్ట కొట్టుకుపోయింది. సరస్సు ఉన్నది దాదాపు 5,200 మీటర్ల ఎత్తున. తెల్లారేసరికి అందులో ఎంత మిగిలిందో వెళ్లి చూసొచ్చే దారి ఎవరికీ లేదు. లెక్క హైదరాబాద్‌లోని ఎన్ఆర్‌ఎస్‌సీ నుంచి వచ్చింది. సెప్టెంబరు 28న 167.4 హెక్టార్లున్న సరస్సు అక్టోబరు 4 ఉదయం 6 గంటలకు 60.3 హెక్టార్లకు తగ్గిపోయింది. ఆ చిత్రాలు రీశాట్-1ఏ, సెంటినెల్-1ఏ అనే రెండు రాడార్ ఉపగ్రహాలవి.

ఇందులో మింగుడుపడని విషయం మరొకటుంది. ఆ సరస్సుకు ముప్పు ఉందని 2021లోనే ఒక పరిశోధన పత్రం హెచ్చరించింది. విపత్తు తర్వాత 2025లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం, సరస్సు పక్కన గడ్డకట్టి ఉన్న రాళ్లమట్టి గట్టు సుమారు 1.47 కోట్ల ఘనపు మీటర్ల మేర కూలి నీళ్లలో పడింది. ఆ గట్టు అంతకుముందు కొన్నేళ్లుగా కదులుతూనే ఉందని పాత ఉపగ్రహ చిత్రాలను తిరగేస్తే తేలింది. అంటే ఆధారాలు ఆర్కైవ్‌లో ఉన్నాయి. కొరతంతా వాటిని వరసగా చూసే మనుషులకూ, చూసి చెప్పిన మాట చేరాల్సిన చోటికి చేరే ఏర్పాటుకూ. ఈ రంగంలోకి రావాలనుకునే వాళ్లు ముందుగా తెలుసుకోవాల్సింది ఇదే.

మామూలు ఉపగ్రహ కెమెరాకు సూర్యకాంతి కావాలి, ఆకాశం తేటగా ఉండాలి. రాడార్ తన తరంగాన్ని తానే పంపి, నేలను తాకి తిరిగొచ్చిన దాన్ని కొలుస్తుంది. రాత్రయినా మబ్బయినా దానికి ఒకటే. మన ఖరీఫ్ మొత్తం మబ్బుల కిందే గడుస్తుంది కాబట్టి వరి విస్తీర్ణం అంచనాకు రాడార్ మీద ఆధారపడక తప్పదు. నాట్లు పడిన మడిలో నీరు అద్దంలా తరంగాన్ని పక్కకు జార్చేస్తుంది, చిత్రంలో పొలం నల్లగా కనిపిస్తుంది. పైరు ఎదిగేకొద్దీ తెల్లబడుతుంది. కృష్ణా, గోదావరి డెల్టాల్లో నాట్లు ఏ వారం ఎక్కడ పడ్డాయో ఈ నలుపు తెలుపుల వరసను బట్టి చెప్పొచ్చు.

తరంగం పొడవును బట్టి చూపు మారుతుంది. సుమారు 3 సెంటీమీటర్ల ఎక్స్-బ్యాండ్ చెట్ల పైఆకుల దగ్గరే ఆగిపోతుంది. 5.6 సెంటీమీటర్ల సీ-బ్యాండ్ పంటలకు, వరదలకు బాగా పనికొస్తుంది. 24 సెంటీమీటర్ల ఎల్-బ్యాండ్ ఆకులను దాటి కొమ్మలు, మొదళ్ల దాకా వెళ్తుంది కాబట్టి అడవిలో జీవద్రవ్యం ఎంతుందో లెక్కకట్టే వాళ్లకు అదే కావాలి. 2025 జులై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన నిసార్‌లో నాసా తయారుచేసిన ఎల్-బ్యాండ్, ఇస్రో తయారుచేసిన ఎస్-బ్యాండ్ రెండూ ఉన్నాయి. 12 మీటర్ల వ్యాసమున్న యాంటెన్నాతో అది 12 రోజులకోసారి అదే దారిన తిరిగొస్తుంది. ఇస్రో వైపు డేటా షాద్‌నగర్‌లో దిగుతుంది.

ఒకే చోటి మీదుగా రెండుసార్లు వెళ్లినప్పుడు తరంగ దశలో వచ్చిన తేడాను కొలిస్తే, ఆ మధ్యకాలంలో నేల ఎంత కుంగిందో లేచిందో సెంటీమీటర్లలో తెలుస్తుంది. దీన్నే ఇన్‌సార్ అంటారు. 2022లో వెలువడిన ఒక అధ్యయనం ఢిల్లీ విమానాశ్రయం పక్కనున్న కపాషేరాలో నేల కుంగే వేగం మొదట ఏడాదికి 11 సెంటీమీటర్లుండి, రెండేళ్లలో 17కు చేరిందని చూపింది. కారణం విచ్చలవిడిగా తోడేస్తున్న భూగర్భజలం. ఐఐటీ బాంబేతోపాటు విదేశీ సంస్థల పరిశోధకులు చేసిన ఈ పనికి వాడింది యూరప్ వాళ్లు ఉచితంగా ఇచ్చే సెంటినెల్-1 డేటా. మన రాజధాని కింద నేల కుంగుతున్న సంగతి పొరుగువాళ్ల ఉపగ్రహంతో తెలిసిందన్నమాట. ఇప్పుడు ఇస్రో కూడా ‘భూనిధి’ పోర్టల్‌లో చాలా డేటాను ఉచితంగానే ఇస్తోంది.

కానీ డేటా ఉచితం కాగానే పని సులువైపోదు. రాడార్ చిత్రం ఫొటో కాదు. దాని నిండా రవ్వ చల్లినట్టు చుక్కలుంటాయి, కొండలు ఉపగ్రహం వైపు ఒరిగినట్టు వంకరపోతాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినలాంటి సందర్భం చూడండి. ఊరి బయట పొలాల్లో నిలిచిన నీరు నల్లగా కనిపిస్తుంది. ఇళ్ల మధ్య నిలిచిన నీటిని తాకిన తరంగం గోడకు తగిలి నేరుగా వెనక్కొస్తుంది కాబట్టి మునిగిన వీధి తెల్లగా మెరిసే అవకాశం ఉంది. నలుపంతా వరదేనని లెక్కేసే ప్రోగ్రాం ఆ వీధిని పొడి నేలగా చూపిస్తుంది. సహాయం పంపాల్సిన మ్యాపులో ఈ తప్పు ఎంత ఖరీదైనదో చెప్పనక్కర్లేదు. అందుకే ఈ పరిశోధకుల రోజుల్లో సగం పొలాల్లో గడుస్తాయి. పైరు ఎత్తు కొలవాలి, మట్టిలో తేమ కొలవాలి, చెట్ల చుట్టుకొలత టేపుతో తీయాలి. ఏసీ గదిలో కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం అనుకుని వచ్చినవాళ్లు ఇక్కడే కంగుతింటారు.

ఎలా చేరాలి? ఒకే దారి లేదు. ఎలక్ట్రానిక్స్, సివిల్ ఇంజినీరింగ్, జియాలజీ, భౌతికశాస్త్రం, వ్యవసాయం, అటవీశాస్త్రం ఏది చదివినా రావచ్చు. డెహ్రాడూన్‌లోని ఐఐఆర్‌ఎస్‌లో చదివే ఎంటెక్‌కు పట్టా ఇచ్చేది మన ఆంధ్ర విశ్వవిద్యాలయమే. ఈ సంగతి విశాఖలోనే చాలామందికి తెలియదేమో. హైదరాబాద్ జేఎన్‌టీయూలో స్పేషియల్ ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ కేంద్రం ఉంది. ఐఐటీ బాంబే సీఎస్‌ఆర్‌ఈలో మైక్రోవేవ్ రిమోట్ సెన్సింగ్ కోసం ప్రత్యేక ప్రయోగశాల ఉంది. గేట్‌లో 2022 నుంచి జియోమాటిక్స్ పేపర్ వచ్చింది. డిగ్రీ ఏదైనా పైథాన్ రావాలి, లీనియర్ ఆల్జీబ్రా భయపెట్టకూడదు. నా అంచనాలో అంతకంటే అరుదైన అర్హత ఇంకోటి ఉంది: పంటో, మంచో, అడవో, ఏదో ఒకదాన్ని లోతుగా తెలిసి ఉండటం. సాఫ్ట్‌వేర్ ఆరు నెలల్లో వస్తుంది, హిమానీనదం ప్రవర్తన రాదు.

డబ్బు సంగతి. కేంద్ర నిధులతో నడిచే ప్రాజెక్టుల్లో జేఆర్‌ఎఫ్ నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ల తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్ 42,000. ఇంటి అద్దె భత్యం అదనం. 2023 జనవరి నుంచి అమల్లో ఉన్న రేట్లివి. సాఫ్ట్‌వేర్‌లో చేరిన స్నేహితుడితో పోల్చుకుంటే మనసు కష్టపెట్టుకోవడమే అవుతుంది. అహ్మదాబాద్‌లోని స్పేస్ అప్లికేషన్స్ సెంటర్‌లో, ఎన్ఆర్‌ఎస్‌సీలో శాశ్వత శాస్త్రవేత్త పోస్టులుంటాయి గానీ పోటీ తీవ్రం. ప్రైవేటులో బెంగళూరుకు చెందిన శాట్‌ష్యూర్ పంట సమాచారాన్ని బ్యాంకులకు అమ్ముతోంది. గెలాక్స్‌ఐ సొంతంగా రాడార్ ఉపగ్రహాలే తయారుచేస్తోంది. కాఠ్మాండూలోని ఇసిమోడ్ హిమాలయ దేశాలన్నిటికీ పనిచేస్తుంది. అక్కడ నాసా, యూఎస్‌ఎయిడ్ తోడ్పాటుతో సర్వీర్ కార్యక్రమం నడిచింది. 2025లో యూఎస్‌ఎయిడే మూతపడింది. దాత నిధుల మీద నడిచే ఉద్యోగానికి ఈ ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది.

ఉపగ్రహాలూ అంతే. 2021 డిసెంబరులో సెంటినెల్-1బీ పాడైంది. 2025 మే 18న ఈఓఎస్-09 కక్ష్యకు చేరకుండానే పోయింది. పీహెచ్‌డీని ఒకే ఉపగ్రహం మీద ఆధారపెట్టవద్దని గైడ్లు చెప్పేది ఇందుకే.

ఇక అన్నిటికంటే బరువైన ప్రశ్న. కనిపెట్టింది చెప్పొచ్చా? 2023 జనవరిలో జోషీమఠ్ ఇళ్లు బీటలు వారుతున్నప్పుడు, డిసెంబరు 27 నుంచి జనవరి 8 మధ్య పట్టణం 5.4 సెంటీమీటర్లు కుంగిందన్న ప్రాథమిక నివేదికను ఎన్ఆర్‌ఎస్‌సీ వెబ్‌సైట్‌లో పెట్టింది. కొద్దిరోజుల్లోనే అది మాయమైంది. గందరగోళం కలుగుతోందంటూ, మీడియాతో మాట్లాడవద్దని, డేటాను సోషల్ మీడియాలో పెట్టవద్దని జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ ప్రభుత్వ సంస్థలకు చెప్పింది. క్షేత్రంలో సరిచూడని అంకెతో భయం పుడుతుందన్న వాదనలో కొంత నిజం లేకపోలేదు. అయితే అంకెను తీసేసి దాని స్థానంలో ఏమీ పెట్టకపోతే, బీటల గోడ మధ్య పడుకునే మనిషికి ఉన్న ఒక్క ఆధారమూ పోతుంది. ప్రభుత్వ శాస్త్రవేత్తకు ఉపగ్రహం, జీతం, పింఛను ఉంటాయి, మాట్లాడే హక్కుకు మాత్రం హద్దులుంటాయి. విశ్వవిద్యాలయ పరిశోధకుడికి మాట్లాడే వెసులుబాటు ఎక్కువ, వచ్చే ఏడాది నిధులపై భరోసా తక్కువ. ఎటు వెళ్లాలో ఎంచుకునేటప్పుడు జీతంతోపాటు దీన్నీ తూచుకోవాలి.

ఈ పని మీకు సరిపడుతుందో లేదో తెలుసుకోవడానికి ఖర్చేమీ లేదు. మీ మండలం మీదుగా తీసిన సెంటినెల్-1 చిత్రాలు జులైవి రెండు, అక్టోబరువి రెండు దించుకోండి. ఉచితంగా దొరికే స్నాప్ సాఫ్ట్‌వేర్‌లో తెరవండి. చెరువేదో, వరి మడేదో, కొత్తగా వేసిన వెంచర్ ఏదో గుర్తుపట్టి, ఆదివారం బండి మీద వెళ్లి సరిచూసుకోండి.