చుక్కల మందు పనిచేయకపోతే తప్పు తల్లిపాలదా?

కొల్లేరు లంకల్లోని యానాది పేటల్లోనూ, బుట్టాయగూడెం వైపు కోయ, కొండరెడ్డి గూడేల్లోనూ టీకాల రోజున ఒక మాట వినబడుతుంది: "చుక్కలు వేశాక అరగంట పాలు పట్టొద్దమ్మా." తర్వాత బిడ్డకి విరేచనాలు పట్టుకున్నాయా, ఇంక తల్లినే అంటారు. ఏలూరు, తాడేపల్లిగూడెం హాస్టళ్లలో చదివే మనం ఈ మాట ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవాలి. రేపు ఊళ్ళో జవాబు చెప్పాల్సింది మనమే కదా.

ఇది పోలియో కాలం నాటి అనుమానం. చుక్కల్లో ఉండేది బలహీనపరిచిన బతికున్న వైరస్. అది పేగులో పెరిగితేనే రక్షణ వస్తుంది. పాలల్లో, ముఖ్యంగా ముర్రుపాలల్లో, వైరస్‌ని పట్టి ఆపే ప్రతిరక్షకాలు ఉంటాయి. కాబట్టి అనుమానం పూర్తిగా గాలి కబురు కాదు. 1970ల మొదట్లో వేలూరు సీఎంసీలో డాక్టర్ టి. జాకబ్ జాన్, మూడు డోసులు వేసినా మన దేశపు పిల్లల్లో చాలామందికి రక్షణ రావట్లేదని చూపించారు. మరి తప్పు పాలదా? ఆయన బృందం అదీ పరీక్షించి, పాలు తాగే పిల్లల్లో మందు తక్కువగా ఏమీ పనిచేయట్లేదని 1976లో ప్రచురించింది. పాలు ఆపడం కాదు, డోసులు పెంచడమే దారి అయింది. 1995 నుంచి పల్స్ పోలియోలో మళ్ళీ మళ్ళీ చుక్కలు వేసింది అందుకే. 2011 జనవరిలో హౌరాలో వచ్చిందే దేశంలో చివరి వైల్డ్ పోలియో కేసు.

రోటావైరస్ టీకాతో అదే కథ మళ్ళీ మొదలైంది. 1980లలో ఢిల్లీ ఎయిమ్స్‌లో, జబ్బు చేయకుండానే పసికందుల పేగుల్లో ఉన్న ఒక వైరస్ దొరికింది. పేరు 116ఈ. దాని జన్యువుల్లో ఒకటి పశువుల వైరస్ నుంచి వచ్చింది! డాక్టర్ ఎం.కె. భాన్ కృషితో, హైదరాబాద్ భారత్ బయోటెక్ చేతుల్లో అదే రోటావ్యాక్ అయింది. ఢిల్లీ, పుణె, వేలూరుల్లో 6,800 మంది దాకా పిల్లల మీద పరీక్షిస్తే, మొదటి ఏడాది రోటావైరస్ వల్ల వచ్చే తీవ్రమైన విరేచనాలు 56 శాతం తగ్గాయి. 2016లో ప్రభుత్వ టీకాల్లో చేర్చిన మొదటి నాలుగు రాష్ట్రాల్లో మనదీ ఒకటి. యూరప్‌లో రోటా టీకాలు ఇంతకన్నా చాలా బాగా పనిచేస్తాయి. అయినా జబ్బు ఎక్కువున్న చోట సగం తగ్గినా బతికే పిల్లలు ఎక్కువ, అది చిన్నచూపు చూడాల్సింది కాదు.

మళ్ళీ బోనెక్కింది పాలే. మన తల్లుల పాలు అమెరికా తల్లుల పాలకన్నా గట్టిగా వైరస్‌ని ఆపుతున్నాయని 2010లో పరీక్షనాళికల్లో తేలింది. సరే, బిడ్డల్లో? ఢిల్లీలో 400 మంది పిల్లల్లో సగం మందికి టీకాకి ముందు అరగంట, తర్వాత అరగంట పాలు ఆపి చూశారు. తేడా లేదు. దక్షిణాఫ్రికా, పాకిస్తాన్‌లలోనూ పాలు ఆపితే లాభం కనబడలేదు.

ఆ తర్వాత చూపు పేగు బ్యాక్టీరియా మీద పడింది. వేలూరులో పిల్లలకి యాంటీబయాటిక్ ఇచ్చి, ఆ తర్వాత పోలియో చుక్కలు వేశారు. రోగకారక క్రిములు తగ్గాయి గానీ టీకా ఫలితం పెరగలేదు (2016). వేలూరు, మలావీ, బ్రిటన్ పిల్లల్ని పోల్చిన 2021 పరిశోధనలో మాత్రం, పుట్టిన కొత్తలోనే పేగులో రకరకాల బ్యాక్టీరియా చేరిన చోట, తల్లి రక్తం నుంచి ప్రతిరక్షకాలు ఎక్కువ వచ్చిన చోట రోటా టీకా స్పందన తక్కువగా కనబడింది.

బుడమేరు, తమ్మిలేరు మోసుకొచ్చేదంతా కొల్లేట్లోకే, అక్కణ్ణించి ఉప్పుటేరులోకే. ఆ నీళ్ళ మధ్య పెరిగే బిడ్డ పేగుకీ, గొట్టం నీళ్ళు తాగే బిడ్డ పేగుకీ పోలికేంటి? మా దృష్టిలో మంచినీళ్ళు, మరుగుదొడ్డి అడగాల్సిన చోట తల్లిని నిలదీయడం అన్యాయం.

చుక్కలకి ముందూ తర్వాతా పాలు పట్టొచ్చు. ఈసారి ఊరెళ్ళినప్పుడు పసిపిల్లల కార్డులు చూడండి: రోటా 6, 10, 14 వారాలకి పడాలి. మొదటి డోసు ఏడాది లోపు పడకపోతే ఇక వేయరు.