కొత్త వాచీ, పాత రంగు

సెలవులకు జైనూర్ వచ్చిన మా అబ్బాయి కొత్త వాచీ చూపించాడు. రెండో ప్రపంచ యుద్ధంలో సైనికులు పెట్టుకున్న వాచీని అచ్చం అలాగే మళ్ళీ చేశారట. నల్ల డయల్, రోజూ కీ ఇవ్వాలి.

"కొత్త వాచీకి అంకెలు పాతబడ్డట్టు గోధుమరంగులో ఉన్నాయేంట్రా?" అన్నాను.

"అదే అందం అమ్మా!"

ఆ రంగుకో కథ ఉందండీ. చీకట్లో కనబడాలని అప్పటి సైనిక వాచీల అంకెలకు రేడియం రంగు వేసేవారు. ఏళ్ళు గడిస్తే అది ఇలా మారేది. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచి అమెరికాలో ఆ పని చేసింది ఎక్కువగా ఆడపిల్లలే. కుంచె మొన సన్నగా రావాలని పెదాల మధ్య పెట్టుకునేవారు. ప్రమాదమేమీ లేదని వాళ్ళకు చెప్పారు. దవడ ఎముకలు పుచ్చిపోయి ఎందరో చనిపోయారు.

న్యూజెర్సీలో గ్రేస్ ఫ్రయర్, మరో నలుగురు కోర్టుకెక్కారు. 1928లో కంపెనీ పరిహారానికి ఒప్పుకుంది. గ్రేస్ 1933లో, 34 ఏళ్ళకే కన్నుమూసింది. రెండో యుద్ధం నాటికి ఈ పనిలో జాగ్రత్తలు వచ్చాయంటే అందులో వాళ్ళ పోరాటం చలవ ఉంది.

ఇప్పటి రంగులో రేడియం లేదు, భయం లేదు. సైనికుడి వాచీ అని మురిసిపోయే మా వాడికి, ఆ అంకెలు దిద్దిన చేతుల గురించి కూడా చెప్పాను.