ఈ-సిగరెట్, కాట్రిడ్జ్

ఈ-సిగరెట్ బ్యాటరీ వేడితో నికోటిన్ ద్రవాన్ని పీల్చదగిన ఆవిరిగా మార్చే పరికరం. ఆ ద్రవాన్ని నింపి అమ్మే చిన్న గొట్టమే కాట్రిడ్జ్. దీని నేటి రూపానికి మూలపురుషుడు చైనా ఫార్మసిస్టు హాన్ లిక్ (2003).

ద్రవంలో ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, నికోటిన్, పరిమళాలు ఉంటాయి. వత్తి పీల్చిన ద్రవాన్ని తీగచుట్ట వేడిచేస్తుంది. కాట్రిడ్జ్ బ్యాటరీకి అమరడం మరను బట్టి ఉంటుంది: ‘510’ రకం మర వ్యాసం 7 మి.మీ., పిచ్ 0.5 మి.మీ. మర కుదిరినా తీగ నిరోధం (ఓమ్‌లు) బ్యాటరీ సామర్థ్యానికి తగకపోతే వత్తి మాడుతుంది, లేదా బ్యాటరీ మితిమీరి వేడెక్కుతుంది. పాడ్ (మర లేకుండా పరికరంలో దూర్చే కాట్రిడ్జ్) రకాల్లో ఒక కంపెనీ పాడ్ మరో కంపెనీ పరికరంలో సాధారణంగా పట్టదు. ఐరోపా సమాఖ్య 2014 ఆదేశం కాట్రిడ్జ్‌కు 2 మి.లీ., నికోటిన్‌కు మి.లీ.కి 20 మి.గ్రా. పరిమితి పెట్టింది. నికోటిన్ వ్యసనకారి కావడంతో పొగ అలవాటు లేనివారికి ‘తేలికపాటి’ రకమన్నది లేదు.

భారతదేశంలో ఈ రకాల మధ్య ఎంపికకే తావు లేదు. 2019 సెప్టెంబర్ 18 నాటి ఆర్డినెన్సు, దాని స్థానంలో అదే ఏడాది డిసెంబర్‌లో వచ్చిన చట్టం తయారీ, దిగుమతి, రవాణా, అమ్మకం, ప్రకటనలను నిషేధించాయి. విడి కాట్రిడ్జ్‌లూ ఇందులోకే వస్తాయి. బీడీ, సిగరెట్ల అమ్మకం చట్టబద్ధమే. ఈ-సిగరెట్‌ది మాత్రం నేరం. ఎస్సై, ఆపై హోదా పోలీసు అధికారి తనిఖీ చేయవచ్చు. తొలి నేరానికి ఏడాది వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మళ్లీ చేస్తే మూడేళ్ల వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా. సొంత వాడకాన్ని చట్టం విడిగా నేరమనలేదు.